నెట్ లేని ఇంటికి ఈ-రీడర్: ముందు పుస్తకాల సంగతి చూడండి

పోయిన వారం మధ్యాహ్నం ఆఫీసులో క్యారియర్లు విప్పుతుండగా ఒకాయన అడిగాడు. వాళ్ల నాయనకు డెబ్బై ఎనిమిదేళ్లు, పుస్తకాల పిచ్చి, పుంగనూరు పక్కన పల్లెలో ఉంటాడు, ఇంట్లో నెట్ లేదు, పుస్తకాలు చదువుకునే పరికరం, అదే ఈ-రీడర్, ఏది కొనిస్తే బాగుంటుంది అని. అడిగిందే ఆలస్యం, బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకే మాట, అమెజాన్ వాళ్ల కిండిల్. అందులో దాన్ని చేత్తో పట్టుకుని చూసినవాళ్లు ఒకరో ఇద్దరో. ఆ తర్వాత మాటలన్నీ ఏ మోడల్, ఎంత స్టోరేజి, ఆ పల్లెకు వైఫై పెట్టించడానికి ఎంతవుతుంది అన్నదాని మీదే నడిచాయి. ఆ పెద్దాయన ఏం చదువుతాడు అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. నోట్లో ముద్ద ఉంది, పైగా మూడేళ్ల కిందట మా మేనత్త విషయంలో నేను చేసిన తప్పులు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. ఆయనకు అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

సూటిగా చెప్పాలంటే, నెట్ లేకపోవడం అన్నిటికన్నా చిన్న సమస్య. నెలకోసారి ఆ ఇంటికి పోయే మనిషి ఒకరుంటే అది తీరిపోతుంది. తీరనిది తెలుగు పుస్తకంలోనే ఉంది. మనకు ఉచితంగా దొరికే పాత పుస్తకాల్లో ఎక్కువ భాగం అక్షరాలు కావు, అక్షరాల ఫోటోలు. ఈ సంగతి తెలియకుండా పరికరం కొంటే అది బీరువాలోకి పోతుంది. మా అత్తది పోయింది.

ఆర్నెల్లు బీరువాలో

మా అత్త రిటైరైన టీచరు. పాకాల, దామలచెరువు మధ్యలో ఒక పల్లె, ఇంటి వెనక తోతాపురి తోపు, ముందు తిన్నె. మామ పోయాక ఒక్కతే ఉంటోంది. చేతిలో ఉన్నది బటన్ల ఫోను, అదీ సిగ్నల్ కోసం మిద్దె ఎక్కితేనే పలుకుతుంది. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయ్యాక దూరం చూపు బాగైంది కానీ చిన్న అక్షరాలు చదవాలంటే అద్దాలు పెట్టుకున్నా కష్టమే. అప్పుడు వాళ్ల కొడుకు, అంటే మా బావ, బయటి దేశం నుంచి ఒక రీడర్ పంపించాడు. మంచిదే, ఖరీదైనదే. నేను పోయి పెట్టె విప్పి చేతిలో పెట్టి, ఇంక నీకు పుస్తకాలకు కరువు లేదత్తా అని చెప్పి వచ్చేశా.

ఆర్నెల్ల తర్వాత అడిగితే బీరువాలో పట్టుచీరల కింద ఉంది. "అది ఏందో అడగతా ఉండాది నాయనా, నాకు జవాబు తెలీలేదు, దాచి పెట్టేసినా" అంది. తెరిచి చూస్తే వైఫై పేరు, పాస్‌వర్డ్ అడుగుతోంది. అది దాటించి లోపలికి పోతే మా బావ అకౌంటు, ఆయన చదివే ఇంగ్లీషు మేనేజ్‌మెంట్ పుస్తకాలు, వాటికి తగ్గ సిఫార్సులు. తెలుగులో ఒక్క ముక్క లేదు. డెబ్బై మూడేళ్ల మనిషికి అది ఎవరిదో ఇంట్లో తాళం వేసిన గదిలాగా కనిపించి ఉంటుంది. ఆమె చేసిన పనిలో తప్పేమీ లేదు.

తెలుగు లేకపోవడానికి మా బావను తిట్టి లాభం లేదు. కిండిల్ 2007లో పుట్టింది, 2012లో మన దేశానికని దాని పుస్తకాల దుకాణం తెరిచారు, 2016 డిసెంబరులో మన భాషల పుస్తకాలు పెట్టడం మొదలైంది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఐదు భాషలు, అందులో తెలుగు లేదు. నగరి దాటితే తమిళనాడు, అక్కడి అత్తలకు దొరికింది ఇక్కడి అత్తలకు దొరకలేదు. ఎందుకంటే మనవాళ్లు కొని చదవరని కొందరంటారు, అమ్మకానికి పెట్టకుండా కొనరని ఎట్లా చెప్తారని నేనంటాను, ఆ గొడవ ఇంకోసారి.

ఇంకో మాట. పాత కిండిళ్లలో కొన్నిటికి మొబైల్ నెట్ లోపలే ఉండేది, నెల బిల్లు లేదు, వైఫై లేదు, అదే పుస్తకాన్ని దించుకునేది. నెట్ లేని ఇంటికి అంతకన్నా మంచి ఏర్పాటు నేను చూడలేదు. ఇప్పటి వాటిలో అది తీసేశారు. కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే వీలు ఉండేది, 2025 ఫిబ్రవరి 26న దాన్నీ ఆపేశారు. మన దగ్గరున్న ఫైళ్లను కేబుల్‌తో ఎక్కించుకోవచ్చు కానీ వాళ్ల దగ్గర కొన్నది మాత్రం వైఫై ద్వారానే రావాలి. నెలకోసారి నా ఫోను హాట్‌స్పాట్ పట్టుకుని మిద్దె మీద నిలబడితే ఆ పనీ అవుతుంది, కాదనను. కానీ నాకు ముందు తెలిసి ఉండాల్సింది.

చీమల బారు

రెండో ప్రయత్నంలో నేనే పూనుకున్నా. అదే ఆరంగుళాల రీడర్‌లోకి ఆర్కైవ్ సైటులో దొరికే పాత తెలుగు పుస్తకాలు, తితిదే వాళ్లు ఉచితంగా పెట్టిన ప్రచురణలు, అన్నీ పీడీఎఫ్‌లే, ఓ ఆరేడు వందలు ఎక్కించి తీసుకుపోయా. అత్త తిన్నె మీద కూర్చుని తెరిచింది, కళ్లకు దగ్గర పెట్టుకుంది, దూరం పెట్టుకుంది. "చీమలు బారు కట్టినట్టుండాయి కదరా" అంది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్తా, ఎందుకంటే కొనేముందు ఎవరూ ఈ లెక్క చెప్పరు. ఆరంగుళాలు అంటే మూల నుంచి మూలకు. వెడల్పు కొలిస్తే 3.6 అంగుళాలే. మన నవలలు చాలావరకు డెమీ సైజు, వెడల్పు ఐదున్నర, పొడవు ఎనిమిదిన్నర. ఆ పేజీని ఈ తెరలో ఇరికిస్తే 12 పాయింట్ల అక్షరం దాదాపు 7 పాయింట్లకు పడిపోతుంది. పేపర్లో టెండర్ ప్రకటనలు చూసుంటారు, ఆ సైజు. అక్షరం పెంచుకోవచ్చు కదా అంటారు. అదే కదా రీడర్ గొప్ప, వేలితో నొక్కితే అక్షరం పెద్దదవుతుంది, లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి. కానీ అది అక్షరాలుగా టైపు చేసిన పుస్తకానికి. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఫోటో. పెళ్లి ఫోటోలో పెళ్లికొడుకును పెద్దది చేస్తే పెళ్లికూతురు చట్రం బయటికి పోతుంది చూడండి, అట్లా లైను సగం బయటికి పోతుంది. ప్రతి లైనుకూ పేజీని అటూ ఇటూ లాగుతూ చదవడం కళ్లు బాగున్న నాకే విసుగు.

కొన్ని చిట్కాలు పనిచేశాయి. పేజీ చుట్టూ ఉన్న తెల్ల మార్జిన్లు కంప్యూటర్లో కోసేసి, రీడర్‌ను అడ్డంగా తిప్పి పెడితే వెడల్పు 4.8 అంగుళాలు వస్తుంది, డెమీ పేజీలో అచ్చు పడిన భాగం సుమారు నాలుగుంపావు, అంటే అసలు పుస్తకం కన్నా అక్షరం కొంచెం పెద్దదే కనిపిస్తుంది. పేజీ రెండు మూడు ముక్కలుగా వస్తుంది, అంతే. కేటూపీడీఎఫ్‌ఆప్ట్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది, అది స్కాన్ పేజీలోని మాటల్ని బొమ్మ ముక్కలుగా కత్తిరించి చిన్న తెరకు సరిపడేటట్టు మళ్లీ పేరుస్తుంది. భాషతో దానికి పనిలేదు కాబట్టి తెలుగుకూ పనికొస్తుంది, కాకపోతే నేను చేసిన కొన్ని పుస్తకాల్లో కింది ఒత్తుల్ని వేరే లైను అనుకుని కోసేసింది. క, త, మ వరసగా తలలు లేని ఒత్తులై కింద పడి ఉంటే చూడటానికి భలే ఉంటుంది, చదవడానికి ఉండదు.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే, చదవబోయేవి పాత స్కాన్ పుస్తకాలైతే ఆరంగుళాల జోలికి పోవద్దంటా. 7.8 అంగుళాల తెర వెడల్పు 4.7, ఎత్తు 6.2. మార్జిన్లు కోసేస్తే డెమీ పేజీ నిలువుగానే, దాదాపు అచ్చు పుస్తకం సైజులోనే పడుతుంది. మరి పదంగుళాలది ఇంకా మంచిది కదా? బల్ల మీద పెట్టుకుని చదివేవాళ్లకు మంచిదే. కానీ పదంగుళాల తెరున్న మొదటి కిండిల్ స్క్రైబ్ బరువు 433 గ్రాములు, మామూలు చిన్న కిండిల్ 158. మా అత్త మధ్యాహ్నం మంచం మీద వెల్లకిలా పడుకుని చదువుతుంది, కునుకు పట్టినప్పుడు ఆ అరకిలో వస్తువు ముక్కు మీద పడితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

ఒత్తుల పరీక్ష

టైపు చేసిన తెలుగు పుస్తకాలు లేవని కాదు. అందరూ కలిసి టైపు చేసి పెట్టే తెలుగు వికీసోర్స్ సైటులో ఉన్నాయి, ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైలుగా దించుకోవచ్చు, అక్షరం ఎంతైనా పెంచుకోవచ్చు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లకు ఆ రచన అందరిదీ అవుతుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, కాబట్టి 2022 నుంచి ఆయన కథలు ఎవరైనా టైపు చేసి పంచుకోవచ్చు. మా అత్తకు ఆయనంటే ప్రాణం. అయితే ఫైలు బాగున్నంత మాత్రాన రీడర్ దాన్ని సరిగ్గా చూపిస్తుందని లేదు. తెలుగులో అక్షరం మీద అక్షరం ఎక్కి కూర్చుంటుంది, కింద వేలాడుతుంది, పక్కన ఒదుగుతుంది, ఆ సర్దుబాటు చేసే తెలివి పరికరంలో ఉండాలి. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు కుప్పకూలిపోయాయి, గుర్తుందా? అంత పెద్ద కంపెనీకే ఆ గతి పట్టినప్పుడు చిన్న రీడర్ల సంగతి చెప్పేదేముంది. నేను ఒక స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన రీడర్‌లో ఒత్తులన్నీ పక్కకొచ్చి నిలబడ్డాయి, "అమ్మ" కాస్తా "అమ్‌మ" అయింది.

అప్పటి నుంచి నా దగ్గర ఒక చిన్న ఫైలు పెట్టుకున్నా. అందులో నాలుగైదు మాటలే: స్త్రీ, రాష్ట్రం, సూక్ష్మం, జ్యోత్స్న, జ్ఞానం. రీడర్ ఎవరిదైనా సరే, కొనేముందు అది ఎక్కించి చూస్తా. జ్యోత్స్న సరిగ్గా వస్తే మిగతావన్నీ వస్తాయి. రాకపోతే మండలి లాంటి ఉచిత ఫాంటు వేసి చూడాలి, కొన్నిటికి ఫాంటు ఎక్కించుకునే ఫోల్డరు ఉంటుంది. అప్పటికీ రాకపోతే ఆ రీడర్ మనది కాదు. ఇంగ్లీషు రివ్యూల్లో ఈ మాట కనిపించదు, వాళ్లకు ఒత్తులు లేవు.

నాలుక తడి

ఇది నేను కలలో కూడా ఊహించని చిక్కు. అత్తకు పేజీ తిప్పాలంటే వేలు నాలుకకు తగిలించుకోవడం అలవాటు. యాభై ఏళ్ల అలవాటు, పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు దిద్దిన వేలు. టచ్ స్క్రీన్ మీద ఆ తడి వేలు పెడితే ఒక్కోసారి మూడు పేజీలు ఎగిరిపోతాయి, ఒక్కోసారి మెనూ తెరుచుకుంటుంది. తడి చెయ్యొద్దత్తా అంటే పొడి వేలు పెట్టింది, ఆ పొడిబారిన ముసలి వేలిని తెర గుర్తుపట్టనే లేదు. "నేను చచ్చినాననుకుంటా ఉండాదేమో ఇది" అని నవ్వింది కానీ నాకు నవ్వు రాలేదు.

పక్కన బటన్లున్న రీడర్ అయితే ఈ బాధ లేదు. నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది, టచ్ ఆపేసుకునే వీలున్నవి కూడా ఉన్నాయి. ఇప్పుడు బటన్లున్నవి తగ్గిపోయాయి, ఉన్నవాటికి రేటెక్కువ. అయినా పెద్దవాళ్లకు కొనేటప్పుడు నేను మిగతా అన్నిటికన్నా బటన్లకే ఎక్కువ మార్కులేస్తా. వాటర్‌ప్రూఫ్ ఎందుకు, బావిలో కూర్చుని చదువుతారా?

చివరికి మాకు కుదిరింది 7.8 అంగుళాల తెర, పక్కన బటన్లు, మెమరీ కార్డు పెట్టుకునే సందు ఉన్న ఒక సెకండ్ హ్యాండ్ రీడర్. పేరు రాయను, ఆ మోడల్ ఇప్పుడు తయారు కావడం లేదు, రాసినా మీకు పనికిరాదు.

నింపేది ఎవరు?

కార్డు సందు గురించి ఒక మాట చెప్పాలి. నెట్ లేని ఇంటికి అదే నెట్. రెండు కార్డులు కొన్నాం. ఒకటి రీడర్‌లో, ఒకటి నా దగ్గర. నేను పోలేని నెలలో ఆ ఊరి నుంచి తిరుపతికి వచ్చిపోయే వాళ్లెవరి చేతికైనా కార్డు ఇచ్చి పంపిస్తా, గోరంత వస్తువు పారేసుకుంటారని ఖాళీ కుంకుమ బరిణెలో పెట్టి. పక్కింట్లో ఇంటర్ చదివే పిల్లోడు దాన్ని మారుస్తాడు. పాతది అదే బరిణెలో వెనక్కి వస్తుంది.

కానీ ఏం నింపాలి? మొదట ఆరేడు వందల పుస్తకాలు ఎక్కించానని చెప్పాను కదా, అది శుద్ధ తెలివితక్కువ. ఎక్కువ ఇస్తే ప్రేమ ఎక్కువున్నట్టు అనుకున్నా. ఆమెకు జాబితాలో కనిపించినవి పుస్తకాల పేర్లు కావు, "ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ డాట్ 2015" అని, ఆ తర్వాత ఒక పొడుగు నంబరు. స్కాన్ చేసినవాళ్లు పెట్టిన పేర్లు అవి, వందలకు వందలు అట్లాగే. వాటికి తెలుగు పేర్లు పెడితే రీడర్ జాబితాలో అక్షరాల బదులు డబ్బాలు వచ్చాయి, లోపల పుస్తకం మాత్రం శుభ్రంగా ఉంది! ఆఖరికి ప్రతి పుస్తకానికీ మొదటి పేజీగా నేనే ఒక అట్ట తయారుచేశా, తెల్ల కాగితం మీద పెద్ద నల్ల అక్షరాలతో పుస్తకం పేరు, కింద రచయిత పేరు. జాబితా బదులు అట్టలు కనిపించేటట్టు పెట్టా. కార్డుకు పన్నెండు పుస్తకాలు, అంతకు మించి లేదు.

ఒక్కో పుస్తకానికి మార్జిన్లు కోయడం, అట్ట వేయడం, నాలుగు పేజీలు తిప్పి చూడడం, అంతా కలిపి అరగంట. అంటే నెలకు ఆరు గంటలు. రీడర్ కొనే డబ్బున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఈ ఆరు గంటలున్నవాళ్లు తక్కువ. మా బావ దగ్గర మొదటిది ఉంది, రెండోది లేదు, అందుకు ఆయన్ను తప్పుపట్టను. కానీ ఆఫీసులో అడిగిన ఆయనకు నేను చెప్పాల్సిన మొదటి ప్రశ్న ఇదే. నింపేది ఎవరు? నువ్వేనా? అయితే కొను. ఎవరూ లేరా? అయితే ఆ పదిహేను ఇరవై వేలు వేరే పనికి వాడు.

అచ్చు పుస్తకాలే కొనొచ్చు కదా

ఈ మాట మా ఆవిడ అంది. ఆ డబ్బుకు పుస్తకం రెండు వందలు వేసుకున్నా ఎనభై తొంభై వస్తాయి, బాలాజీ కాలనీలో జిరాక్సు షాపులో స్కాన్‌లను ఏ4 కాగితాల మీద పెద్దగా ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేయించినా సరిపోతుంది కదా అని. నేను చాలా రోజులు దీని మీద ఆలోచించా. ప్రింటు తీయించి చూశా కూడా. అక్షరం పెద్దదైంది, కట్ట బరువైంది, పడుకుని చదవడం కుదరలేదు. ట్యాబ్ కూడా చూశాం, రీడర్ కన్నా చవక, పెద్ద తెర, రంగులు. తిన్నె మీద ఎండపొద్దులో ఆ తెరలో ఆమెకు తన ముఖమే కనిపించింది, రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెర అయితే కాగితంలాగే ఎండలో ఇంకా స్పష్టంగా ఉంటుంది. పైగా ట్యాబ్ ఊరుకోదు, ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. అడిగే వస్తువులంటే మా అత్తకు పడదని ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది.

కానీ మా ఆవిడ మాటలో నేను తోసెయ్యలేని ముక్క ఒకటుంది. పుస్తకాలుంటే మనుషులు వస్తారు. అత్త దగ్గర పుస్తకం తీసుకుపోవడానికి, తిరిగి ఇవ్వడానికి ఆ వీధిలో ముగ్గురు నలుగురు వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు ఊరికే పోరు, మజ్జిగ తాగి, కోడళ్ల గురించి చెప్పి, ఆవకాయ ముక్కలు ఆరబెట్టడంలో ఒక చెయ్యి వేసి పోతారు. రీడర్‌ను ఎవరికీ అరువు ఇవ్వలేం. అది వచ్చాక ఆ రాకపోకలు తగ్గాయని అత్తే ఒకసారి అంది, నామీద నేరంలాగా కాదు, మామూలుగా. నేను చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇప్పుడు పక్కింటామె ఒకామె సాయంత్రాలు వస్తోంది, అత్త రీడర్ పట్టుకుని పైకి చదువుతుంటే ఆమె వింటూ చిక్కుడుకాయలు ఒలుస్తుంది. అది పాతదానికి బదులు అవుతుందా అంటే కాదనే అనుకుంటా.

పన్నెండు పుస్తకాల్లో ఏవి ఉండాలో అత్తే ఒక పాత హాజరు పట్టీ వెనక పేజీల్లో రాసి పెడుతుంది. నేను పోయినప్పుడు చింపి ఇస్తుంది. పోయిన నెల చీటీలో ఆఖరున "నాలుగో క్లాసు తెలుగు వాచకం, 1958, కోతి బొమ్మ ఉంటాది" అని ఉంది. మూడు రాత్రులు వెతికా. నాలుగో తరగతిదే ఒకటి దొరికింది కానీ తర్వాతి సంవత్సరాలది. మార్జిన్లు కోసి, అట్ట వేసి, బరిణెలో పెట్టి పంపించా. రెండు రోజులకు మిద్దె మీద నుంచి ఫోన్.

"ఇది నాది కాదురా, మీ నాయన చదివిండేది. దీంట్లో కోతి లేదు."

తీసెయ్యమంటావా అత్తా అన్నా.

"ఎందుకు, ఉండనీ" అంది.